తిప్ప తవ్వుకున్న రోజులు

కూర్చో పాపా. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి కాదు, చాప మీద సరిగ్గా కూర్చుని విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీకు బాగోలేదనిపించిన మాట కొట్టేసి, బడిలో నేర్పిన మాట పెట్టొద్దు. నాకు అక్షరాలు రావు గానీ, నువ్వు చదివి వినిపిస్తే ఏది నా మాటో ఏది నీ మాటో ఇట్టే తెలిసిపోతుంది.

ఇది నా జబ్బు సంగతి. ఎందుకు రాయిస్తున్నానంటే, కాన్పయిన ఆడది గోడవైపు తిరిగి పడుకుంటే సోమరితనం అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. గాలి సోకింది అనేవాళ్ళూ ఉన్నారు. నన్ను రెండూ అన్నారు. ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, నాకు జరిగింది ఇంకొకరికి జరగకుండా చూసుకుంటారేమోనని ఆశ.

మీ పెద్దత్త తిప్పమ్మ పుట్టినప్పటి మాట. ఎక్కడో యుద్ధం వచ్చిందట, కిరసనాయిలు దొరకదట అని చింతామణి సంతకు పోయొచ్చినవాళ్ళు చెప్పుకునే రోజులు. బట్లహళ్ళికి ఇవతల చిన్న పల్లెలో మా కాపురం. ఇంట్లో మా అత్త, మీ తాత, నేను. తిప్పమ్మకు ముందు నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ బోర్లాపడే వయసు రాకముందే పోయారు. వాళ్ళ గురించి ఇప్పుడు చెప్పను. మొదలుపెడితే నేను చెప్పలేను, నువ్వు రాయలేవు.

కార్తీకంలో తిప్పమ్మ పుట్టింది. నల్లగా, గట్టిగా, ఊరంతా వినబడేలా ఏడ్చింది. మా అత్త దాన్ని చూసి సంతోషపడటానికి కూడా భయపడింది. పురుడు రోజున ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకుంది.

మన వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి, పెరట్లో పేడ, చెత్త పోసే తిప్ప మీద పెడతారు. పిల్లలు దక్కిన ఇంకో ఇంటి ఆడమనిషి దారిన పోతున్నట్టు వచ్చి ఎత్తుకుంటుంది. తర్వాత ఆమెకు చేటెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కున్నట్టు తెచ్చుకుంటారు. అప్పుడది తిప్పలో దొరికిన బిడ్డ, మన కడుపున పుట్టింది కాదు. మన పిల్లల కోసం వచ్చే చావు, ఇది వీళ్ళది కాదులే అని పక్కకు పోతుందని నమ్మకం. అందుకే ఊరికి నలుగురు తిప్పన్నలు, తిప్పమ్మలు ఉంటారు.

ఎత్తుకోవడానికి మా అత్త రామక్కను పిలిచింది. రామక్కది ఊరి బయట బావి కింద కూరగాయల తోట. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. అప్పటికి ఆమె చిన్నకొడుకు పాలు తాగుతున్నాడు. నేను తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని వెనక గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"అయ్యయ్యో, ఎవురమ్మా ఈ పనికిమాలినోళ్ళు, ఇంత నల్లపిల్లను తిప్పలో ఏసి పోయినారు!" అంది రామక్క.

"మాకేం తెలుసు తల్లీ. మాదైతే కాదు," అంది మా అత్త.

"మీది కాకుంటే నేనే తీసకపోతా. మా ఇంట్లో గొడ్లకు తోడుగా ఉంటాది."

"తీసకపో, తీసకపో. మాకెందుకు ఆ పీడ!"

చూడవచ్చినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాలి. అట్లాంటివి చిన్నప్పటి నుంచీ బాగేపల్లిలో మా పుట్టింటి వైపు ఎన్నో చూశాను. కానీ ఆ రోజు పొద్దుట్నించే ఒళ్ళు కాలిపోతోంది, ఎవరికీ చెప్పలేదు. చెవుల్లో దూది వల్ల మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. రామక్క చేట ఎత్తుకుని పోతుంటే వీపు కనబడింది. ఆ వీపు చూస్తూనే నేను గుమ్మంలో పడిపోయాను.

మామూలుగా అయితే సాయంత్రానికి బిడ్డ తిరిగి వచ్చేది. నేను జ్వరంలో పడ్డాను కాబట్టి పాల కోసం రామక్క దగ్గరే ఉంచారు. అది మంచి పనే. కానీ మా అత్త ఇంకో మాట కూడా అనుకుంది. ఆ పిల్ల పాకేదాకా, అది మనదని ఈ ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు, తల్లితో కూడా అనకూడదు అని అందరికీ చెప్పింది. మా అత్త చెడ్డది కాదు. అది గుర్తుపెట్టుకుని రాయి. రెండుసార్లు చిన్న గుంత తీయించిన మనిషి. మూడోసారి ఆ చావును మోసం చేయాలని చూసింది, అంతే. మోసపోయింది మాత్రం నేను.

జ్వరం రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. కిటికీ లేని గది. కుంపటి, వావిలాకు పొగ. రొమ్ములు గడ్డకట్టి రాళ్ళు మోస్తున్నట్టు నొప్పి. గోడ దగ్గరికి వస్తుంది, దూరం పోతుంది. కాస్త తెలివి వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేదాన్ని.

"అత్తా, బిడ్డ యాడ?"

"ఏ బిడ్డ?" అనేది మా అత్త, నా మొహం చూడకుండా ఇంటి కప్పు వైపు చూస్తూ. పైన ఎవరో వింటున్నట్టు గట్టిగా అనేది. "మనకు బిడ్డ యాడుండాది? తిప్పలో పడేసినాం గదా. గమ్మున పొనుకో."

అప్పుడు నాకు అనిపించింది, ఇది కూడా పోయింది, నాకు చెప్పడం లేదని. తిప్పలోనే పూడ్చిపెట్టారని. నువ్వు నవ్వకు పాపా. ఒంట్లో అంత వేడి ఉన్న మనిషికి అందరూ కలిసి ఒకే మాట చెబితే ఏం నమ్ముతుంది?

పుష్యం వచ్చేసరికి జ్వరం తగ్గింది. నేను మాత్రం తిరిగి రాలేదు. ఎట్లా చెప్పాలి నీకు? మనుషులంతా పలచటి గుడ్డ అవతల ఉన్నట్టుండేది. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. తల దువ్వుకోలేదు. ఏడుపు వచ్చేది కాదు. ఏడిస్తే బాగుండేదేమో. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. తెల్లవారగానే వెనక తలుపు తీసుకుని పోయి ఆ తిప్ప తవ్వేదాన్ని. చేతులతోనే. పేడ, బూడిద, కుళ్ళిన గడ్డి పక్కకు లాగి, మళ్ళీ కప్పి, ఇంకోచోట మొదలు.

దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏమమ్మా సుబ్బమ్మా, బంగారేమన్నా దొరికిందా?" అని ఒకామె. నేను తల ఎత్తేదాన్ని కాదు. మా అత్త వచ్చి చెయ్యి పట్టి లాగేది, తిట్టేది, తర్వాత బావి దగ్గర కూర్చోబెట్టి నా గోళ్ళలో పేడ పుల్లతో తీస్తూ ఏడ్చేది. ఒకసారి రామక్కను రమ్మని, బిడ్డను నా ముందు పెట్టింది. నేను చూశాను.

"ఎవురి బిడ్డ?" అన్నాను.

రామక్క మా అత్త వైపు చూసింది. మా అత్త కప్పు వైపు చూసింది. "నాదేలేమ్మా," అంది రామక్క చివరికి.

ఆ తర్వాత వేపమండలు పట్టుకున్న ఒకాయన్ను పిలిపించారు. ఆ రోజు గురించి ఎక్కువ రాయొద్దు. వీపు మంట వారం పోలేదు. మీ తాత చేను నుంచి వచ్చి చూసి, ఆ మండలు లాక్కుని విరిచి పొయ్యిలో పడేశాడు. తల్లికి ఎదురు మాట్లాడటం ఆయన జన్మలో అదే మొదలు.

"మూడు కాన్పులు చూసినదానికి నాకు తెలీదా?" అంది మా అత్త.

"తెలిస్తే ఇట్లయితాదా? రేపు ఆసుపత్రికి తీసకపోతాండా. నువ్వొస్తే రా, లేకుంటే ఈడనే ఉండు."

ఆమె వచ్చింది. దారి పొడుగునా కొడుకుతో మాట్లాడలేదు. చింతామణి దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు. ఆసుపత్రి వరండాలో జనం గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఆ గచ్చు చల్లదనం, మందు వాసన, లోపల ఎవరో దగ్గుతున్న చప్పుడు ఇప్పటికీ గుర్తు. నా పక్కన గౌరిబిదనూరు నుంచి మొగుడిని చూపించడానికి తెచ్చినామె కూర్చుంది. నన్ను కాసేపు చూసింది. ఏ ఊరనీ, ఏం జబ్బనీ అడగలేదు. సంచిలోంచి కొబ్బరినూనె సీసా, దువ్వెన తీసి, నా వెనక కూర్చుని చిక్కులు విడదీయడం మొదలుపెట్టింది. జడలు కట్టిన జుట్టు. ఒక్కో పాయ పట్టుకుని, మొదట్లో వేలు అదిమిపెట్టి, నొప్పి తెలియకుండా. జడ వేయడం అయిపోయేలోపే ఆమె మొగుడిని లోపలికి పిలిచారు. సగం జడ నా చేతికిచ్చి, "మిగిలింది నువ్వేసుకో" అని పోయింది. నేను వేసుకున్నాను. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

డాక్టరమ్మది మైసూరు వైపు. కన్నడంలో, "ఇదు హుచ్చల్ల," అంది. ఇది పిచ్చి కాదు అని. కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుంది, చీకటి గదిలో పెట్టొద్దు, ఎండలో తిరగనీయండి, కట్టేయొద్దు, చేతికి పని ఉంటే చేయనీయండి అంది. బలానికి ఒక సీసా మందు ఇచ్చింది. బిడ్డ గురించి అడిగితే మీ తాత నోరు తెరిచాడు. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన నోరు మూసుకున్నాడు.

మాఘంలో మళ్ళీ తిప్ప దగ్గరే నేను. ఇప్పుడు ఎవరూ లాగలేదు. ఒకరోజు మా అత్త విత్తనాల కుండలు ఎండబెట్టుకుంటూ అరుగు మీద కూర్చుంది. ఎంతసేపని చూస్తుంది పాపం, ఓపిక పోయింది.

"తవ్వేది ఎట్లాగూ తవ్వుతాండావు, ఈ గింజలన్నా ఏసి తవ్వు! ఉత్త గుంతలు చూడలేక సస్తాండా!" అని బూడిద పట్టించిన గుమ్మడి గింజలు గుప్పెడు నా మీదికి విసిరింది.

కోపంతోనే విసిరింది. నన్ను బాగుచేద్దామని కాదు. గింజలు తిప్ప మీద చెల్లాచెదురుగా పడ్డాయి. నేను ఒక్కొక్కటే ఏరుకున్నాను, తవ్విన గుంటల్లో పెట్టి కప్పాను. ఎందుకు చేశానో తెలియదు. గుంట ఉంది, గింజ ఉంది, పెట్టాను.

పాపా, మట్టి మందు అని మాత్రం రాయొద్దు. అది అట్లా కాదు. కానీ ఒకటి జరిగింది. గింజ పెట్టిన చోట మళ్ళీ తవ్వకూడదు కదా. అక్కడ చెయ్యి ఆగిపోయేది. స్నానాలగది కాలవ నుంచి ముంతతో నీళ్ళు తెచ్చి పోసేదాన్ని. ఒక పొద్దున మొలకలు లేచాయి, తలమీద గింజ పొట్టు టోపీ పెట్టుకుని, వంగి. కోళ్ళు వచ్చాయి. "ఉష్షో" అన్నాను. చాలా రోజుల తర్వాత నా గొంతు నాకు వినబడింది. కంపలు తెచ్చి చుట్టూ పెట్టాను. ఆ మధ్యాహ్నం ఆకలి వేసింది. అత్త దగ్గరికి పోయి సంగటి అడిగాను. ఆమె ముద్ద చేస్తూ చేస్తూ దాన్ని ఆకులో కాకుండా నేల మీద పెట్టేసింది.

చైత్రానికి తీగలు తిప్పంతా అల్లుకున్నాయి. మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద రుద్దడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, చేతులకు గుర్తుంది. ఊళ్ళో కుర్రవాళ్ళు "సుబ్బమ్మ తోట" అని నవ్వేవాళ్ళు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది. అందరూ తగ్గిపోయిందనుకున్నారు. తగ్గలేదు. కాయలు దిగుతున్నా, కింద నా బిడ్డ ఉందనే నమ్ముతున్నాను. తీగ దానికి నీడ అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు గనుక ఎవరికీ తెలియలేదు. బాగానే ఉన్నట్టు కనబడే మనిషి లోపల ఏముందో అడగండి, అది రాయి.

వైశాఖం వచ్చింది. వానలకు ముందు తిప్పలోని ఎరువు చేలకు తోలాలి. అది ప్రతి ఇంటి పని. బండ్లు వస్తున్నాయని తెలిసి నేను పోయి తీగల మధ్య కూర్చున్నాను.

"లెయ్యి సుబ్బమ్మా, కాయలన్నీ కోసి ఇంట్లో పెడతాం," అన్నాడు మీ తాత.

"లెయ్యను. తవ్వొద్దు."

"ఈ యాడాది ఎరువు తోలకుంటే రాగులు యాడ పండుతాయి?"

"దీన్ని లోపలేసి గొళ్ళెం పెట్టు," అంది మా అత్త.

మీ తాత చేతిలో పార కింద పెట్టాడు. తర్వాత నా ఎదురుగా కూర్చుని అడిగాడు. "ఈడేముండాదని భయం నీకు?"

అన్ని నెలల్లో నన్ను అట్లా అడిగిన మొదటి మనిషి ఆయన. "బిడ్డ," అన్నాను.

ఆయన మొహం ఎట్లా అయిందో నేను చెప్పలేను. వెంటనే నిజం చెప్పేసేవాడే. తల్లి వెనకే నిలబడి ఉంది. ఆయన ఒకటే అన్నాడు, "అయితే నువ్వే చూసుకో. ఒక్కో గంపా నీ ముందర కుమ్మరిస్తాం. నువ్వు చూసినాకనే బండికెత్తేది."

కూలివాళ్ళు గొణుక్కున్నారు. "ఇట్లయితే మల్లొచ్చే ఉగాదికి నిండుతాది బండి," అన్నాడు ఒకడు. అయినా కుమ్మరించారు. ఒక్క గంపకు కూడా విసుక్కోలేదు ఆ తర్వాత. నేను చేతులతో చెదిపి చూసేదాన్ని. పేడ, వేరుపురుగులు, పగిలిన గాజులు, ఎముక అనుకుంటే ఎండిన మొక్కజొన్న కంకి. పొద్దు వాలేసరికి తిప్ప లేదు. అడుగున ఎర్రనేల బయటపడింది. దిగి ఆ నేల తవ్వాను. గోరు విరిగింది. గట్టిగా ఉంది. ఎవరూ ఎప్పుడూ తవ్వని నేల.

ఇక్కడ ఎవరినీ పెట్టలేదు.

నేను లేచి మా అత్త దగ్గరికి పోయాను. "అత్తా, ఈడ లేదు. నా బిడ్డను యాడ పెట్టినారు?"

ఆమె ఆకాశం వైపు చూసింది. "చెప్పు మా," అన్నాడు మీ తాత.

"చెప్తే అది గూడా పోతే? అప్పుడేం జేస్తావురా?"

"చెప్పకుంటే ఈమె పోతాది."

ఒక పక్క కోడలు, ఒక పక్క మనవరాలు. ఆమె నమ్మినదాని ప్రకారం ఆ మాట నోటి నుంచి వస్తే పిల్ల ప్రాణానికే ముప్పు. అయినా ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. తన కొంగు తీసి ఇద్దరి తలల మీదా కప్పింది, ఆకాశానికి కూడా కనబడకుండా. ఆ చీకట్లో నా చెవికి నోరు ఆనించి చెప్పింది. "రామక్క దగ్గరుండేది నీదే తల్లీ. నీ కడుపున పుట్టిందే. నన్నేమన్నా అనుకో."

మర్నాడు రామక్క తోటకు పోయాను. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి నా ఒళ్ళో పెట్టింది. చూశాను. నమ్మాను. కానీ తెలియలేదు పాపా. ఏమీ అనిపించలేదు. అందరూ చెప్పారు కాబట్టి నాది, అంతే. దాన్ని మళ్ళీ రామక్కకు ఇచ్చేశాను. అది నా జబ్బులో అన్నిటికంటే చెడ్డ రోజు. బిడ్డ పోయిందనుకున్న రోజు కూడా అంత చెడ్డది కాదు.

రామక్క నొచ్చుకోలేదు, బుద్ధులూ చెప్పలేదు. "తెలీకుంటే పోనీలే. నాకు నీళ్ళు కట్టను మనిషి లేదు. పార తీసుకో," అంది.

రోజూ పోయాను. ఆమె మొగుడు ఎద్దులతో బావి మీద కపిల మోట తోలుతాడు, నీళ్ళు కాలవలో వస్తాయి, నేను ఒక మడి నిండగానే గట్టు మూసి ఇంకో మడికి తిప్పాలి. పరధ్యానంగా ఉంటే మెంతాకు కొట్టుకుపోతుంది, రామక్క తిడుతుంది. "నిద్రపోతాండావా, మాంతల్లీ? నా కొత్తిమీర కాశీకి పోతాండాది సూడు!" నేను నవ్వేదాన్ని. పిల్ల గట్టు మీద గోనెపట్ట మీద కూర్చునేది. ఎత్తుకోమంటే ఎత్తుకునేదాన్ని, లేకపోతే లేదు.

జ్యేష్ఠంలో తొలివానలకు పిల్లకు జ్వరం వచ్చింది. మా అత్త కూలబడిపోయింది. "నా నోరు కాలిపోనూ, నేనే సంపినా," అని అన్నం మానేసింది. ఆమెను నేను ఓదార్చాను, ఊహించు. జ్వరం తగ్గి చూస్తే కింది చిగురులో పన్ను మెరిసింది. మా అత్త ఆ పన్ను చూసి కూడా "మాది కాదులేమ్మా" అనే అంది పైకి.

ఆ తర్వాతే ఒకరోజు. నేను వంకాయ మొక్కలకు మన్ను ఎగదోస్తున్నాను. పిల్ల పట్ట దాటి తడి మడిలోకి పాకివచ్చి గుప్పెడు మట్టి నోట్లో కుక్కుకుంది. నేను పార పడేసి పరుగెత్తి, దాని దవడ పట్టి, నోట్లో వేలు పెట్టి గోకి గోకి తీస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. "మన్ను దింటావా, మన్ను! ఇంట్లో సంగటి లేదనుకున్యావా? ఇంత పెంకిదాన్ని నేనెట్ల కన్న్యానే!"

రామక్క అవతలి మడిలోంచి తల ఎత్తింది. "ఎవుర్నమ్మే తిడతాండావు?"

"ఎవుర్నేంది? నా కూతుర్ని!"

అన్నాక వినబడింది నాకు, ఏమన్నానో. పిల్ల నా వేలు కొరికింది, ఆ కొత్త పంటితో. ఆ నొప్పి ఒంట్లోకంతా పోయింది. అక్కడే బురదలో కూర్చుండిపోయి ఏడ్చాను, పురిటి తర్వాత మొదటిసారి. నీళ్ళు మడి నిండి గట్టు పొర్లి వృథాగా పోతున్నా రామక్క కూడా లేచి తిప్పలేదు.

దానితో అంతా అయిపోయిందని రాయొద్దు. తర్వాత ప్రతి కాన్పుకూ ఆ గుడ్డ మళ్ళీ అడ్డం పడుతుందేమోనని భయపడ్డాను. మీ నాయన కడుపులో ఉన్నప్పుడు ముందే చెప్పాను, ఏ మంచి కోసమైనా సరే నాకు చెప్పకుండా బిడ్డను నా చేతుల్లోంచి తీయొద్దని. ఆ భయం పోదు, సర్దుకుని కూర్చుంటుంది, అంతే. ఇప్పుడు చూడు, తిప్పమ్మకు తల నెరిసింది, మనవలున్నారు. అయినా అది వచ్చినప్పుడు మధ్యాహ్నం అరుగు మీద అట్లా కునుకు తీస్తుంటే, ఎవరూ చూడనప్పుడు నేను మెల్లగా లేచిపోయి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి...

ఏమ్మే కోడలా? సంగటి సల్లారిపోతాండాదా? వస్తాండా, వస్తాండా, కేకలెయ్యాకు...